పచ్చగీత నిండిన తర్వాత

ఒడిశా కొండల మధ్య మా రాయగడలో నన్నెవరైనా ఏం పని చేస్తావని అడిగితే, కంప్యూటర్ పని అని చెప్పి ఊరుకుంటాను. అంతకంటే వివరంగా చెబితే వినేవాళ్ళ మొహాలు ఎలా మారతాయో నాకు బాగా అనుభవం. నిజానికి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక కంప్యూటర్‌లో ఉన్న ఫైలును ఇంకో ఊళ్ళో ఉన్న కంప్యూటర్‌కి చేర్చడం. అటువైపు అందుకునేది సర్వర్, ఇటువైపు పంపేది క్లయింట్. ఈ రెండింటినీ ఎవరికి కావాలంటే వాళ్ళు తమ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునేలా ఒక లైబ్రరీగా రాసిపెట్టి, విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ అమ్ముతుంది. దాన్ని బాగుచేస్తూ ఉండడం నా ఉద్యోగం. మొదట రాసినతను ఎప్పుడో వేరే చోటికి వెళ్ళిపోయాడు. అతను ఏ రోజు ఏ తిక్కలో ఉండి ఏ కోడు రాశాడో ఊహించుకుంటూ నా రోజులు గడిచిపోతున్నాయి.

ఇల్లు కట్టిన మేస్త్రీకి గృహప్రవేశం నాడు కొత్త బట్టలు పెడతారు. ఆ ఇంట్లో కుళాయి బాగుచేసినవాడు మళ్ళీ కారినప్పుడే గుర్తొస్తాడు. నాదీ ఆ రెండోవాడి బతుకే. ఫైళ్ళు సవ్యంగా వెళ్ళినన్నాళ్ళూ నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ తెలియదు. వెళ్ళకపోతే మాత్రం ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా పొద్దున్నే చిరాకు పడుతూ రాస్తారు. వాళ్ళకు ఓపిగ్గా జవాబు రాసి, లోపం వెతికి, సరిచేసి, సరిచేసింది ఇంకేదాన్నీ పాడుచేయలేదని చూసుకునేసరికి ఇంకొకరి చిరాకు వచ్చి కూర్చుంటుంది. నాకు ఈ పని మీద కోపం లేదు, అలుపే ఉంది. నిద్రపోతే తీరే అలుపు కాదది.

మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. అమ్మ నర్సుగా ఈ కొండల్లోకి వచ్చింది, నాన్న స్కూలు మేష్టరు. ఇద్దరూ ఇప్పుడు లేరు. ఉన్నది నేనూ, మా అప్పా. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప ఎక్స్‌రే కోర్సు చదివి, టికిరి దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో చేరింది. అక్కడ ఎక్స్‌రే మిషను ఉంది కానీ, తీసిన బొమ్మ చూసి జబ్బు చెప్పే డాక్టరు లేడు. ఆయన ఉండేది కొరాపుట్‌లోని పెద్దాసుపత్రిలో. అప్ప ఇక్కడ బొమ్మ తీసి కంప్యూటర్‌లో పంపితే, ఆయన అక్కడ చూసి ఏం చేయాలో చెబుతాడు. కొండల మీది నుంచి దగ్గుకుంటూ దిగివచ్చినవాళ్ళు బెంచీ మీద ఆ జవాబు కోసం కూర్చుంటారు.

ఆ బొమ్మలను టికిరి నుంచి కొరాపుట్ చేర్చే సాఫ్ట్‌వేర్ కడుపులో ఉన్నది మా లైబ్రరీయే. నేను ఇప్పించింది కాదు, చవగ్గా వచ్చిందని ఆసుపత్రివాళ్ళే కొనుక్కున్నారు. కానీ ఆ సంగతి తెలిసిన రోజు అప్ప సంబరం చూడాలి. "మా తమ్ముడు సేసిందే" అని ఆసుపత్రిలో గేటు దగ్గర వాచ్‌మన్‌తో సహా అందరికీ చెప్పింది. నేను చేసింది కాదు, బాగుచేసేది మాత్రమే అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

ఒక రోజు మధ్యాహ్నం అప్ప ఫోన్ చేసింది. వెనక బస్సు మోత. నెలకోసారి చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల వాళ్ళందరినీ కొరాపుట్‌లో కూర్చోబెట్టి మీటింగు పెడతారు. అక్కణ్ణుంచి తిరిగి వస్తోంది. "ఒరే తమ్ముడూ, నేను పంపేను అనుకున్నది పంపినట్టేనా, కాదా? నువ్వే సెప్పాల" అంది.

ఏమైందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. కొన్నాళ్ళుగా టికిరి నుంచి వెళ్ళే బొమ్మల్లో కొన్ని సగమే ఉంటున్నాయట. పైన భుజాలు, మెడ ఎముక బాగానే కనిపిస్తాయి. కిందంతా బూడిదరంగు. డాక్టరు వాటిని మీటింగులో గోడమీద పెద్ద తెర మీద వేసి చూపించి, ఈ మనిషికి సగం ఊపిరితిత్తులే ఉన్నాయా, నేనేం చెప్పాలి అని అడిగాడట. కొందరు నవ్వారు. ఎవరు పంపారని అడిగితే అప్ప లేచి నిలబడింది. అందరి ముందూ సారీ చెప్పింది. ఇంకోసారి ఇలా వస్తే ఎక్స్‌రే గదిలోకి వేరేవాళ్ళను చూసుకుంటాం అన్నాడాయన. అప్పది ఏటికేడు పొడిగించే కాంట్రాక్టు ఉద్యోగం. ఆ గదిలోంచి బయటికి వస్తే ఆమెకు ఇంకో గది లేదు.

"ఆ ముసలావిడ సంగతి ఇంకా ఘోరం" అంది. సగం బొమ్మ వెళ్ళిన ఒక ముసలామెను మళ్ళీ రమ్మని కబురు పంపాల్సి వచ్చిందట. ఆవిడ కొండమీది ఊరి నుంచి కొంత దూరం నడిచి, కొంత దూరం జీపులో వచ్చింది. రెండోసారి మిషను ముందు నిలబెడుతుంటే, మొదటిసారి సరిగ్గా ఎందుకు తియ్యలేదని తమ కొండభాష దేశియాలో అడిగింది. అప్ప ఆవిడ భుజాలు పట్టుకుని మెల్లిగా మిషనుకి ఆనించింది.

మర్నాడే బస్సెక్కి టికిరి వెళ్ళాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అప్ప గదిలో ఒక మూల స్టూలు మీద కూర్చుని చూశాను. మిషను బాగుంది. బొమ్మలు పూర్తిగా వస్తున్నాయి. అప్ప వాటిని కంప్యూటర్‌లో తెరిచి, పేరు, వయసు సరిచూసుకుని, పంపే బటన్ నొక్కుతోంది. తెర మీద పచ్చగీత ఎడమ నుంచి కుడికి నిండుతోంది. నిండాక 'పంపబడింది' అని వస్తోంది. తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

ఆ ఆసుపత్రిలో నెట్‌కి ఒకటే డాంగిల్. పెన్‌డ్రైవ్ లాంటిది, కంప్యూటర్‌కి గుచ్చితే నెట్ వస్తుంది. ఎక్స్‌రే గదికీ, పక్కన మందుల గదికీ కలిపి అదొక్కటే. మందుల గదిలో ఉండే నడివయసు ఆయన తన లెక్కలు పైకి పంపడానికి దానికోసం వచ్చి గుమ్మంలో నిలబడతాడు. మంచి మనిషి. లోపలికి రాడు, తొందరపెట్టడు. కాసేపు ఆగి, "దీదీ, హెలా?" అంటాడు. ఒడియాలో, అయిందా అని. అప్ప గీత నిండడం చూసి, "హెలా" అని చటుక్కున డాంగిల్ పీకి ఆయన చేతిలో పెడుతుంది. ఆయన దండం పెట్టినంత మర్యాదగా అందుకుని వెళతాడు. పని అవగానే మళ్ళీ తెచ్చి ఇస్తాడు. రోజంతా ఇలా ఇచ్చిపుచ్చుకోవడమే.

మా అమ్మ పెంపకం అది. వార్డులో ఒక థర్మామీటరు నలుగురు నర్సులు వాడుకున్న రోజుల మనిషి. నీ పని అయ్యాక వస్తువు నీ చేతిలో ఉండకూడదు, ఎదుటివాళ్ళను నిలబెట్టకూడదు అని మాకు అన్నంతోపాటు కలిపి పెట్టింది. అప్ప చేతులు ఆ మాటను మర్చిపోలేదు.

నేను ఇదంతా చూశాను కానీ, అప్పటికి నాకేమీ తట్టలేదు. సాయంత్రం టికిరిలో రాయగడ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఒకతను గోనెసంచిలో చుట్టిన పార్సిలు తెచ్చి డ్రైవరు వెనక పెట్టి, రాయగడలో ఫలానా మనిషి వచ్చి తీసుకుంటాడని చెప్పి, బస్సు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఈ దారిలో రోజూ జరిగేదే. మందులు, అల్లం, పిల్లల యూనిఫారాలు, అన్నీ బస్సు డ్రైవర్ల చేతుల మీదుగానే తిరుగుతాయి. మా నాన్న గుడారి స్కూల్లో పనిచేసినప్పుడు ఆయన బీపీ మాత్రలు అమ్మ అలాగే పంపేది. కానీ అమ్మకు ఒక పద్ధతి ఉండేది. బస్సు కదిలితే "పంపేను" అనేది. అక్కడ నాన్న అందుకుని ఒక మిస్డ్ కాల్ ఇస్తే అప్పుడు "సేరింది" అనేది. ఆ రెండు మాటలనూ ఎప్పుడూ కలిపేది కాదు. మిస్డ్ కాల్ రాకపోతే కంచం ముందు కూర్చునేది కాదు, మమ్మల్ని కూర్చోనిచ్చేది కాదు.

బస్సు ఘాట్ దిగుతుంటే నాకు సంగతి తట్టింది. మా పచ్చగీత బస్సు కదలకముందే ఇంటికెళ్ళిపోయిన మనిషి లాంటిది. క్లయింట్ తన దగ్గరున్న ఫైలును కంప్యూటర్‌లో నెట్‌కి పంపే వాకిలి దగ్గర దించేయగానే గీత నిండినట్టు చూపిస్తోంది. అది నిజంగా దారిలో పడిందా, అటు చేరిందా అన్నది చూడడం లేదు. నెట్ వేగంగా ఉన్నచోట ఈ తేడా కనురెప్పపాటులో తీరిపోతుంది, ఎవరికీ తెలియదు. టికిరిలో నెట్ నత్తలా పాకుతున్నప్పుడు గీత నిండాక కూడా బొమ్మలో కింది సగం ఇంకా వాకిట్లోనే ఉంటుంది. ఆ క్షణంలోనే గుమ్మంలోంచి "హెలా?" అని వినిపిస్తుంది. అప్ప డాంగిల్ పీకుతుంది. అటు సర్వర్, వచ్చినంతే ఫైలనుకుని, సగాన్నే బుద్ధిగా దాచిపెడుతుంది.

అప్పకి వెంటనే ఫోన్ చేసి చెప్పాలనిపించింది. కానీ ఇది నా ఊహే. పరీక్షించి చూడకుండా చెప్పి, తర్వాత కాదని తేలితే ఆమెకు మళ్ళీ ఆశ పెట్టి లాగేసినట్టవుతుంది. ఇంటికి వెళ్ళి చూశాను. ఊహ నిజమే. అయినా బాగుచేసి చేతిలో పెట్టాకే చెబుదాం అనుకున్నాను. మాలాంటి పనివాళ్ళకు బాగుచేయడం చేతనైనంత తొందరగా చెప్పడం చేతకాదు.

విశాఖపట్నంలో మా బాస్‌కి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడేం కాదు. నాలాగే అలిసిపోయినవాడు. కాకపోతే ఆయన అలుపు జీతాలివ్వడంలో, నాది జీతం తీసుకోవడంలో. ఆయనకు ఆ నెలలో కావలసింది వేగం. ఫైళ్ళు వేగంగా వెళ్ళేలా చూడమని పని ఇచ్చాడు. నేను గీతను ఆలస్యం చేస్తానంటున్నాను.

"గీత సాఫీగా పోతోంది కదా బాబూ. చివర్లో దాన్ని ఆపితే హ్యాంగ్ అయిందని కస్టమర్లు నా ప్రాణం తీస్తారు" అన్నాడు.

"చేరనిదాన్ని చేరినట్టు చూపిస్తోంది సార్."

"ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదే. ఎక్కడో నీ కొండల్లో ఒక్క చోట నెట్ బాగోలేదని అందరికీ మారుస్తామా?"

నాకు కోపం వచ్చింది. నా కొండలు అన్నందుకు కాదు, ఒక్క చోట అన్నందుకు. "సార్, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో ఒక పెద్ద ఫైలు పంపండి. గీత నిండగానే హాట్‌స్పాట్ ఆపేయండి. తర్వాత అటు ఏం వచ్చిందో తెరిచి చూసి, అప్పుడు నన్ను తిట్టండి" అని పెట్టేశాను.

సాయంత్రానికి ఆయనే ఫోన్ చేశాడు. ఏం చూశాడో చెప్పలేదు. "సరే, నీ ఇష్టం. కంప్లయింట్లు వస్తే మాత్రం నీ నెత్తినే" అన్నాడు.

ఇక పని. ఇందులో గొప్ప తెలివేమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. సర్వర్ తనకు వస్తున్న ఫైలును ముందు ఒక తాత్కాలిక పేరుతో పక్కన పెట్టుకోవాలి. మొత్తం అందాక, పంపినవాడు చెప్పిన కొలతతో సరిపోయిందా అని చూసుకోవాలి. సరిపోతేనే అసలు పేరు పెట్టి, అందిందని జవాబు పంపాలి. ఆ జవాబు వచ్చాకే ఇటువైపు గీత నిండాలి. మధ్యలో తెగిపోతే మొదటి నుంచి కాకుండా తెగినచోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. రాస్తే ఇంతే. కానీ లోకంలో పాత క్లయింట్లు ఉన్నాయి, పాత సర్వర్లు ఉన్నాయి. కొత్తది పాతదానితో మాట్లాడేటప్పుడు రాని జవాబు కోసం కూర్చోకూడదు. పాతది కొత్తదానితో మాట్లాడేటప్పుడు అర్థంకాని జవాబు విని బెదిరిపోకూడదు. అందరికీ నచ్చజెప్పి ఒక ఇంట్లో కాపురం చేయించడంలాంటి పని అది. ఒకటి సర్దితే ఇంకొకటి అలిగేది.

మధ్యలో కరెంటు పోయేది. తెరుబలి వైపు నుంచి వచ్చే గూడ్సు బండి ఇంటి వెనక నిలిచిపోయి గంటలకొద్దీ బుసలు కొట్టేది. నేను కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, అప్ప మీటింగులో ఆ తెర ముందు నిలబడి సారీ చెప్పడాన్ని చూసేవాణ్ణి. నేను అక్కడ లేను, చూడలేదు. అయినా కనిపించేది. మళ్ళీ లేచి రాసేవాణ్ణి.

కొత్తది విడుదలయింది. కొరాపుట్ ఆసుపత్రివాళ్ళు సర్వర్‌లో వేసుకున్నారు, టికిరిలో కంప్యూటర్ తనంతట తానే మార్చుకుంది. బాస్ చెప్పినట్టే కంప్లయింట్లు వచ్చాయి. గీత చివర్లో ఆగుతోంది, పాతదే బాగుంది, ఎవడు చేశాడీ పని అని. అన్నింటికీ ఒకే జవాబు కొంచెం కొంచెం మార్చి రాశాను. ఇప్పుడు ఫైళ్ళు పూర్తిగా వస్తున్నాయని ఒక్కరూ రాయలేదు. రాస్తారని నేనూ అనుకోలేదు.

కొన్ని వారాలు ఆగాను. సర్వర్‌లో టికిరి బొమ్మలన్నీ నిండుగా ఉంటున్నాయని కొరాపుట్‌లో దాన్ని చూసుకునేవాళ్ళు చెప్పాక, అప్పకి చెప్పడానికి బయలుదేరాను. దారిలో మాటలు కూడబలుక్కున్నాను. చాలా కాలం తర్వాత మనసు తేలిగ్గా ఉంది.

నేను గదిలోకి అడుగు పెట్టేసరికి అప్పే ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"డాక్టరు గారు మెచ్చుకున్నారురా! మీటింగులో. అందరి ముందే. టికిరి ఇప్పుడు దారిలో పడింది, గట్టిగా సెప్తే పని జరుగుద్ది అన్నారు."

నేను సంచి దించి గుమ్మం పక్కన పెట్టాను.

"అప్పట్నించీ ఎంత జాగర్తగా సేస్తన్నానో నీకు తెలీదు" అంది, నన్ను కూర్చోబెట్టి ఫ్లాస్కులో టీ పోస్తూ. "బటన్ నొక్కేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన సేసుకుంటన్నాను. నొక్కడం కూడా మెల్లిగా నొక్కుతన్నాను. గీత ఆఖర్లో కొంచెం ఆగుద్దిరా ఇప్పుడు. ముందూ ఆగీదే కాబోలు, నేనే సూసుకునీదాన్ని కాదు. ఇప్పుడు ఓపిగ్గా ఉంటన్నాను. ఒక్క బొమ్మ కూడా తేడా రాలేదు."

గుమ్మంలో మందుల గది ఆయన వచ్చి నిలబడ్డాడు. "దీదీ, హెలా?" తెర మీద గీత చివరికంటా వచ్చి ఆగింది. అప్ప చెయ్యి ఎత్తి ఆగమంది. కాసేపటికి గీత నిండింది. 'చేరింది' అని వచ్చింది. ఆ మాట నేను పెట్టించిందే. "హెలా" అని అప్ప డాంగిల్ పీకి ఇచ్చింది. ఇచ్చి, పరీక్షలో పాసైన పిల్లలా నావైపు చూసింది.

నాకు ఏడుపొచ్చినంత పనయింది. తను చెయ్యని తప్పును ఒప్పుకుని, లేని అజాగ్రత్తను ప్రార్థనలతో దిద్దుకుని, ఆ దిద్దుకున్నందుకు వచ్చిన మెప్పును భద్రంగా పట్టుకుని నిలబడింది మా అప్ప. నేను చెబితే ఆ మెప్పు పోతుంది. చెప్పకపోతే ఆ తప్పు ఉండిపోతుంది. టీ చల్లారేదాకా కప్పు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. చెప్పకుండా వెళ్ళిపోవడం తేలిక. అలిసిన మనిషికి తేలికైనదే న్యాయంగా కనిపిస్తుంది కూడా. కానీ ముందుముందు ఏ కారణంచేత ఏ బొమ్మ తెగినా మళ్ళీ ఆమే లేచి నిలబడుతుంది. అది తలుచుకుంటే ఉండబట్టలేదు.

"అప్పా, ఇప్పుడు కాదు, అప్పుడు కూడా నువ్వు సరిగానే పంపేవు" అన్నాను.

అంతా చెప్పాను. బస్సు డ్రైవరు, పార్సిలు, అమ్మ మిస్డ్ కాల్, అన్నీ. "అటునుంచి అందిందని జవాబు రాకపోతే అందనట్టే లెక్క. అందకపోతే మళ్ళీ పంపాల. మా సాఫ్ట్‌వేర్ ఆ జవాబు కోసం ఆగకుండానే అయిపోయిందని నీతో చెప్పింది. అదిప్పుడు మార్చేం."

అప్ప కంప్యూటర్ వైపు తిరిగింది.

"అయితే ఈ ప్రార్థనలూ అవీ..."

"ప్రార్థన తప్పేం కాదు కదప్పా."

"నాకు పాఠాలు సెప్పకు" అంది. "ఆ రోజు అందరి ముందూ సారీ సెప్పేనురా నేను. నవ్వేరు. ఆ సారీ ఎనక్కి తెచ్చుకోడానికి నీ దాంట్లో ఏటైనా ఉందా?"

"లేదు" అన్నాను. "సాఫ్ట్‌వేర్ తప్పేమో చూడండి అని ఆ రోజే అనొచ్చు కదా. సారీ ఎందుకు చెప్పేవు?" అని అడిగాను.

నన్ను వింతగా చూసింది. "నీది కదా. మా తమ్ముడు సేసిందని ఊరంతా సెప్పేను. దానిమీదకి ఎలా తోసీమంటావు?"

నన్ను కాపాడడానికి తను దోషి అయిందని ఆమె అనుకోవడం లేదు కూడా. అది ఆమెకు మామూలు విషయం. బయట బెంచీ మీద ఎవరో దగ్గుతున్నారు. అప్ప కళ్ళు తుడుచుకుని, ఎక్స్‌రే కిరణాలు తగలకుండా వేసుకునే సీసం ఆప్రాన్ అందుకుని లేచింది. తొడుక్కుంటూ వెనక్కి తిరక్కుండా అంది:

"కొరాపుట్ ఎళ్ళి డాక్టరు గారికి సెప్పు. నేను సెప్తే సాకనుకుంటారు. నువ్వు సెయ్యాల్సింది సేసేవు, ఇది కూడా సెయ్యి."

పోనీలే, మెచ్చుకున్నారు కదా, వదిలేయరా అంటుందనుకున్నాను. అలా అనే మనిషే మా అప్ప. ఆ రోజు అనలేదు.

ఆ వారంలోనే రాయగడ నుంచి రైల్లో కొరాపుట్ వెళ్ళాను. డాక్టరు గదిలో తెరల మీద వరసగా బొమ్మలు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తుకుని వాటిలోకి వంగి ఉన్నాడు. నేనెవరో చెప్పాను. ఒడియాలో మర్యాదగా కూర్చోమన్నాడు. నేను చెప్పుకుపోయాను. సాధ్యమైనంత చిన్న మాటల్లో, మా కంపెనీ తప్పును ఎక్కడా దాచకుండా. మధ్యలో ఆయన రెండు బొమ్మలు చూసి జవాబులు పంపాడు. చివర్లో, "అలాగా. సరే సరే. ఇప్పుడు బానే వస్తున్నాయి కదా" అన్నాడు. ఇంకో బొమ్మ తెరిచాడు. నేను కొంచెంసేపు నిలబడి, నమస్కారం పెట్టి వచ్చేశాను. ఆయన మీద కోపం కూడా రాలేదు. ఆయన ముందు ఎన్ని ఊపిరితిత్తులు వరసలో ఉన్నాయో నేను కళ్ళారా చూశాను.

వాలు రోడ్డు దిగి బస్టాండుకి వచ్చి, రాయగడ బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకున్నాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఇంటికెళ్ళి పడుకుంటే చాలు అనిపించింది. కండక్టరు ఇంకా టిక్కెట్లు మొదలుపెట్టలేదు. అప్ప ఫోన్ వచ్చింది.

"సెప్పేవా?"

"చెప్పేను."

"ఏటన్నారు?"

బాగా విన్నారు, అర్థం చేసుకున్నారు అని అనేయొచ్చు. గీతను నింపేసినట్టే ఉంటుంది. "అలాగా అన్నారప్పా. విన్నారో లేదో తెలీదు. ఇంకేమీ అనలేదు" అన్నాను.

ఫోన్‌లో ఎక్స్‌రే గది ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది.

"జవాబు రాకపోతే అందనట్టే అన్నావు కదా" అంది చివరికి.

"అన్నాను."

"అందకపోతే?"

నేను కళ్ళు మూసుకున్నాను. "మళ్ళీ పంపాల."

"అయితే మళ్ళీ ఎళ్ళు."

ఫోన్ పెట్టేసింది. డ్రైవరు వచ్చి కూర్చుని ఇంజను స్టార్ట్ చేశాడు. నేను సంచి తీసుకుని, కాళ్ళకు అడ్డం పడ్డ మూటలను దాటుకుంటూ దిగాను. దిగొచ్చిన వాలు ఎక్కడానికి చాలా ఎత్తుగా కనిపించింది. ఆసుపత్రి గుమ్మంలో డాక్టరు గది అటెండరు నన్ను గుర్తుపట్టాడు.

"ఇందాకే కదా వచ్చారు, చెప్పేశారు కదా?" అని అడిగాడు.

"అందలేదు" అని, డాక్టరు గది ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చున్నాను.